మైకు ఆటో

నా ఆటో నోటికి రోజుకి ఆరొందలు అద్దె.
ఆ నోటితో చీరల మేళా అరిచాను,
పాత ఇనుముకి ఉల్లిపాయలు అరిచాను,
పలాసలో సర్కసు, మందసలో కళ్ళ శిబిరం,
ఒకసారి తప్పిపోయిన గేదె కూడా,
ఎడమ కొమ్ముకి ఎర్ర రిబ్బను, ఆచూకీ చెప్పినోళ్ళకి బహుమానం.

మంగళవారం పొద్దున్నే వీఆర్వో వచ్చి
కాగితం చేతిలో పెట్టాడు.
"చదువు. గట్టిగా చదువు. నవ్వకు."

అమ్మలారా అయ్యలారా,
రేషను కార్డూ ఆధారూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి
బొడ్లో దోపుకోండి.
పశువుల పలుపులు కోసేయండి.
తెప్పలు సరుగుడు తోపు దాటించండి.
మూడు గంటలకి బస్సులు, మళ్ళీ రావు.

మొగలిపేట మొదటి వీధిలో
పిల్లలు ఐస్‌ఫ్రూట్ అనుకుని వెంటపడ్డారు.

సముద్రం ఆ పూట
కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది.
నా మాటకి అదే పెద్ద విరోధి.
మైలపిల్లి గురవయ్య చుట్ట ముట్టించి
నీళ్ళ వైపు గడ్డం ఎగరేశాడు:
"ఏదిరా నీ తుపాను? సెల్లులో ఉందేటి?"
నిజానికి సెల్లులోనే ఉంది,
తెల్లటి సుడి, నడిమధ్యన కన్ను.
చూపిస్తే కళ్ళజోడు లేదన్నాడు.

మధ్యాహ్నానికి తూనీగలు కిందికి దిగాయి.
ఏం తోచిందో, గురవయ్య బోటింజను విప్పి
భుజానేసుకుని బస్సు దగ్గరికొచ్చాడు.
"ఇది ఎక్కితేనే నానెక్కుతాను."
కండక్టరు ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాడు.
కిటికీ పక్క సీట్లో ఇంజను కూర్చుంది తువ్వాలు కప్పుకుని,
గురవయ్య హైస్కూలు దాకా నిలబడే వెళ్ళాడు.

సూరాడ కారమ్మ మాత్రం రాలేదు.
ఇసకలో నెత్తళ్ళు పరిచి ఉన్నాయి,
ఇంకో పూట ఎండ తగలాలి.
వడ్డీకి తెచ్చిన ముప్ఫై వేలు
వెండి పొట్టులా మెరుస్తున్నాయి.
"తుపానొస్తే నా శవం తేలతాది.
సేపలు తడిస్తే నా పరువు తేలతాది.
ఏది నయమో నువ్వే సెప్పు."

మూడు చుట్లు తిరిగాను.
బ్యాటరీ మూలగడం మొదలెట్టింది,
నా గొంతు నాకే ఎవరిదోలా వినపడింది.
నాలుగోసారి మైకు కట్టేసి దిగాను.
ఆవిడకి ఏం చెప్పాలో కాగితంలో లేదు.
ఒక గోనె తీసి నెత్తళ్ళు ఎత్తడం మొదలెట్టాను.
కాసేపు చూసింది. తర్వాత తనూ వంగింది.
ఇద్దరం మాట్లాడుకోలేదు,
గాలి అప్పటికే మధ్యలో దూరి మాట్లాడుతోంది.

పదకొండు గోనెలు.
ఆటోలో ఆరు పట్టాయి.
ఐదు టార్పాలిన్ కింద, పైన నాలుగు లంగరు రాళ్ళు.
కారమ్మ గోనెల మీద కూర్చుంది,
చీర కొంగుతో ముక్కు మూసుకున్నది నేను కాదు,
దారిలో ఎక్కిన టీచరమ్మ.

ఎనిమిదో తరగతి బి గదిలో
జీర్ణవ్యవస్థ పటం కింద పడుకున్నాం.
పులిహోర పొట్లాలు రెండుసార్లు తిరిగాయి.
ఒంటిగంటకి తలుపులు వణికాయి,
రెండింటికి పైన రేకు లేచిపోయిన చప్పుడు,
ఆ తర్వాత చప్పుడు కూడా వినపడనంత చప్పుడు.
చీకట్లో ఎవరో పిల్లల్ని లెక్కపెడుతున్నారు,
ఇరవై నాలుగు దగ్గర ఆగి
మళ్ళీ ఒకటి నుంచి.

తెల్లారాక ఊరికి వచ్చాం.
సరుగుళ్ళన్నీ ఒకే పక్కకి
దువ్విన జుట్టులా పడుకున్నాయి.
ఇళ్ళల్లో మోకాటి లోతు నీళ్ళు,
నీళ్ళల్లో గిన్నెలు, చెప్పులు, ఒక గోడ గడియారం.
గురవయ్య తెప్ప దొరికింది, ముక్క.
టార్పాలిన్ దొరకలేదు,
లంగరు రాళ్ళు మాత్రం పెట్టినచోటే ఉన్నాయి.

మైకు తడిసిందేమోనని బోనెట్టు మీద పెట్టి
స్విచ్చి నొక్కి చూస్తున్నాను,
అప్పుడే వచ్చింది కారమ్మ.
"నా ఐదు గోనెలు ఎవుడిస్తాడ్రా?
నీ నోట్లో మన్నుబడ, నీ ఆటో తగలడ,
ఆరు పట్టినోడికి ఇంకో ఐదు పట్టవేటి?"
హారను అందుకుంది.
మొగలిపేట మొత్తం మీద
కారమ్మ గొంతు మోగింది,
తూర్పు వీధి, పడమటి వీధి,
నీళ్ళల్లో గిన్నెలు వెతుక్కుంటున్నవాళ్ళు
నడుములెత్తి ఇటు చూశారు.
ఎవరో నవ్వారు కూడా.

బ్యాటరీలో ఒక గీత మిగిలుంది.
నేను స్విచ్చి కట్టలేదు.